ఆడ అవతార్‌తో మూడేళ్లు ఆడాను. నా స్నేహితుడు దాన్ని మోసం అంటున్నాడు

సగంచందమామ (ప్రశ్న)

నేను మగవాణ్ణి. మూడేళ్లుగా ఒక ఆన్‌లైన్ గేమ్‌లో ఆడ క్యారెక్టర్‌తో ఆడుతున్నాను. మొదట్లో దీని వెనక పెద్ద ఆలోచనేమీ లేదు. క్యారెక్టర్‌ను తయారుచేసుకునే చోట మగ బొమ్మలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు, మెడ కనబడని భుజాలతో ఉన్నాయి. ఆడ బొమ్మల్లో ఒకటి కాస్త మనిషిలా అనిపించింది, దాన్ని తీసుకున్నాను, పేరు కూడా దానికి తగినట్టే పెట్టాను. జట్టులో దెబ్బ తిన్నవాళ్లను కోలుకునేలా చేసే హీలర్ పని నాది. అదీ నేను కోరుకున్నది కాదు, నేను చేరిన గిల్డ్‌లో, అంటే ఎప్పుడూ కలిసి ఆడే బృందంలో, ఆ చోటు ఖాళీగా ఉంది.

నువ్వు ఆడా మగా అని నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అయితే ఆర్నెల్లు తిరిగేసరికి కొన్ని సంగతులు గమనించాను. కొత్తగా చేరినవాళ్లు అడక్కుండానే నాకు మంచి ఐటెమ్‌లు ఇచ్చేవారు. నేను అప్పటికి నలభై సార్లు గెలిచి బయటికొచ్చిన గుహలోకి వెళ్లే ముందు, నిన్నగాక మొన్న వచ్చిన ఆటగాడు ఆగి, ఏ తలుపు దగ్గర ఎటు నిలబడాలో నాకు ఓపిగ్గా వివరించేవాడు. జట్టు ఓడిపోతే తప్పెవరిదని వెతికే చూపు ముందు నా మీదికే వచ్చేది, తిట్లు మాత్రం మెత్తగా ఉండేవి. వీటన్నిటికంటే నన్ను కలవరపెట్టింది నా సొంత రాత. ఒకరోజు పాత చాట్‌ను మొదటినుంచీ చదువుకున్నాను. మానా అంటే హీలర్ మంత్రాలకు ఖర్చయ్యే శక్తి. మొదటి నెలలో ‘ఆగండి, మానా అయిపోయింది’ అని రాసిన నేనే, ఏడాది తర్వాత ‘సారీ అండీ, ఒక్క నిమిషం ఆగుతారా, మానా అయిపోయింది!’ అని రాశాను. అలా రాయమని నాకెవరూ చెప్పలేదు.

గత నెలలో మా గిల్డ్ పెద్ద పోటీలన్నిటికీ వాయిస్ చాట్ తప్పనిసరి చేసింది. నేను మైక్ ఆన్ చేసి ‘ఎడమవైపు జరగండి’ అన్నాను. కొన్ని సెకన్లు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఇద్దరు ముగ్గురు నవ్వారు, ఆట సాగిపోయింది. ఒక్క మనిషి మాత్రం పోటీ ముగియగానే వెళ్లిపోయాడు. ఏడాదిన్నరగా దాదాపు రోజూ ఆటయ్యాక ఆయనా నేనూ అరగంటో గంటో మాట్లాడుకునేవాళ్లం. తన ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లోవాళ్లకంటే ముందు ఆయన నాకే చెప్పాడు. ఆ రాత్రి ఆయన దగ్గరనుంచి ఒకే వాక్యం వచ్చింది: ‘ఇన్నాళ్లూ నేను మాట్లాడింది ఎవరితో?’

నేను చేసింది మోసమా? ఎవరినీ మభ్యపెట్టే ఉద్దేశం లేనప్పుడు నా మాట తీరు ఎందుకు మారింది? ఈ రెండూ ఒకే ప్రశ్నకు రెండు వైపులేమోనని కూడా అనిపిస్తోంది. ఆలోచించి రాసేవారి జవాబుల కోసం ఎదురుచూస్తాను.

పాతటెర్మినల్

సగంచందమామ గారూ, మీరు అడిగినవి రెండూ బొమ్మలు పుట్టకముందు నుంచీ ఉన్న ప్రశ్నలు. 1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ మొదలుపెట్టిన మడ్ అనే ఆటలో చూడటానికి ఏమీ లేదు, అంతా అక్షరాలే. ఇంకా వెనక్కి వెళితే, యంత్రం ఆలోచించగలదా అన్న ప్రశ్న కోసం 1950లో అలన్ ట్యూరింగ్ ఊహించిన అనుకరణ ఆట మొదలయ్యేదే ఈ వేషంతో. ఒక పురుషుడు, ఒక స్త్రీ కనబడకుండా వేరే గదిలో కూర్చుని జవాబులు టైపు చేసి పంపుతారు, ఎవరు ఎవరో మూడో మనిషి కనిపెట్టాలి, అతన్ని తప్పుదారి పట్టించడం పురుషుడి పని. యంత్రం ఆ పురుషుడి కుర్చీలోకి ఆ తర్వాతే వస్తుంది.

1990ల తొలినాళ్లలో లాంబ్డామూ అనే అక్షరాల లోకం ఉండేది. జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో పావెల్ కర్టిస్ దాన్ని నడిపేవారు. అందులో ఒక ఆజ్ఞ టైపు చేస్తే మీ లింగం మారిపోయేది. ఆడ, మగ మాత్రమే కాక ఏదీ కానిది, బహువచనం, తనను తాను ‘మేము’ అనుకునే రాజరికం వంటివి కూడా ఆ పట్టికలో ఉండేవి. స్పివాక్ అనేది ఎంచుకుంటే ఆంగ్లంలో హీ, షీ అనే సర్వనామాల చోట ‘ఈ’ అనే ఒంటి అక్షరం పడేది. ఇంత వెసులుబాటు ఇప్పటి ఖరీదైన ఆటల్లో కూడా అరుదు. అయినా కర్టిస్ 1992లో రాసిన వ్యాసం చదివితే మీ అనుభవమే కళ్లకు కడుతుంది. ఆడ పేరుతో ఉన్నవారిని కొందరు వేధించేవారు, కొందరు పనిగట్టుకుని సాయం చేసేవారు, ఇంకొందరు నువ్వు బయట కూడా స్త్రీవేనని రుజువు చెయ్యమని నిలదీసేవారు. మరుసటి ఏడాది ఎమీ బ్రక్‌మన్ ఇదే విషయం రాస్తూ, అడక్కుండా అందే ఆ సాయానికి చాలాసార్లు బదులు ఆశించడం కూడా తోడుంటుందని గుర్తించారు. మీకు ఐటెమ్‌లు ఇచ్చినవారిలో ఎంతమంది తర్వాత ఏదో ఒకటి అడిగారో గుర్తు చేసుకోండి.

ఇక మోసం సంగతి. 1980లలో కంప్యూసర్వ్ అనే ఆన్‌లైన్ సేవలోని చాట్‌లో జోన్ అనే పేరుతో ఒకరు ఉండేవారు. ఘోర ప్రమాదం తర్వాత తీవ్రమైన వైకల్యంతో బతుకుతున్న స్త్రీగా పరిచయమై, ఎందరో స్త్రీలకు ఆప్తురాలయ్యారు. చివరికి ఆ పేరు వెనక ఉన్నది ఒక మగ మానసిక వైద్యుడని బయటపడింది. 1985లో ఈ కథ ఒక అమెరికన్ పత్రికలో వచ్చాక, నెట్‌లో వేషం గురించిన ప్రతి చర్చా ఏదో ఒక రూపంలో దాన్నే తిరగేస్తోంది. నా ఉద్దేశంలో ఆ మనిషి తప్పు ఆడ పేరు పెట్టుకోవడంలో లేదు. లేని ప్రమాదాన్నీ లేని బాధనూ కల్పించి, వాటిని పెట్టుబడిగా పెట్టి ఇతరుల నిజమైన రహస్యాలు రాబట్టుకోవడంలో ఉంది. కాబట్టి మీరు వేసుకోవలసిన ప్రశ్న నాకు తెలిసినంతలో ఇది: మీ స్నేహితుడు తన కష్టం చెప్పుకున్న రాత్రులలో, మీరు స్త్రీగా మీ జీవితం గురించి ఏదైనా కథ అల్లి చెప్పారా? చెప్పకపోతే మీది జోన్ కథ కాదు.

మైక్‌ఆఫ్

నేను స్త్రీని. పదకొండేళ్లుగా షూటింగ్ గేమ్‌లు ఆడుతున్నాను. నా క్యారెక్టర్ మగవాడు, నా పేరు ఎవరూ రెండోసారి చదవని కొన్ని అక్షరాలు, అంకెలు. ఇక్కడ పెట్టుకున్న పేరే ఆటలో నా పద్ధతి. సగంచందమామ గారి ప్రశ్నలో నిజాయితీ ఉంది కాబట్టి అవతలి ఒడ్డునుంచి అది ఎలా కనిపిస్తుందో చెబుతాను.

మా ఆటలో అడుగుల చప్పుడు ముఖ్యం. చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని వింటే శత్రువు పై అంతస్తులో ఉన్నాడో మెట్ల మీద ఉన్నాడో తెలిసిపోతుంది. ‘మెట్ల మీద ఇద్దరు’ అని నోటితో చెప్పడానికి ఒక సెకను చాలు. అదే టైపు చెయ్యాలంటే ఎడమచెయ్యి కదలిక మీటల మీదినుంచి తియ్యాలి, అంతసేపూ నా క్యారెక్టర్ గోడ పక్కన శిలలా నిలబడి ఉంటుంది. ఆ మాట పూర్తి చెయ్యకుండానే నేను ఎన్నిసార్లు చచ్చిపోయానో లెక్కలేదు. ‘వీడికి మాట్లాడటం రాదా’ అని జట్టువాళ్లు విసుక్కోవడం వింటూ మళ్లీ పుట్టే గడియకోసం ఎదురుచూస్తాను. ఆ విసుగు నాకు ఇష్టమే. ఎందుకంటే అది ఆట మీది విసుగు. మైక్ ఆన్ చేసిన రోజుల్లో నేను విన్నది వేరు.

దీన్ని నా సున్నితత్వం అనుకునేవారి కోసం ఒక ప్రయోగం చెబుతాను. హేలో 3 అనే ఆటలో పరిశోధకులు ముందే రికార్డు చేసిన ఆడ గొంతును, మగ గొంతును వాడారు. రెండు గొంతులూ చెప్పింది ఒకే రకం మామూలు మాటలు. 2013లో ప్రచురించిన ఫలితం ప్రకారం ఆడ గొంతుకు ఎదురైన దుర్భాషలు మగ గొంతుకు ఎదురైనవాటికి మూడు రెట్లు. అక్కడ బొమ్మ మారలేదు, ఆట మారలేదు, గొంతొక్కటే మారింది.

అందువల్ల మన ఇద్దరి వేషాలూ ఒకటి కావు. మీకు ఆడ క్యారెక్టర్ వల్ల కానుకలు వచ్చాయి, కాస్త చిరాకూ వచ్చింది, మైక్ ఆన్ చేసిన మరుక్షణం ఆ చిరాకు మాయమైంది. నేను మైక్ ఆన్ చేస్తే అది మొదలవుతుంది. ఆ కానుకల విలువ గురించీ ఒక మాట. ఎవర్‌క్వెస్ట్ ఆటలో పెంచిన క్యారెక్టర్లను అప్పట్లో నిజం డబ్బుకు వేలంలో అమ్ముకునేవారు. ఎడ్వర్డ్ కాస్ట్రొనోవా అనే ఆర్థికవేత్త ఆ ధరలు పోల్చి చూస్తే, అదే స్థాయిలో ఉన్న ఆడ క్యారెక్టర్ మగ క్యారెక్టర్ కంటే తక్కువకు పోతోందని తేలింది. ఆ ఆటలో లింగాన్ని బట్టి బలం మారదు. ఊరికే ఇచ్చేటప్పుడు ఆడ బొమ్మకు ఇస్తారు, కొనేటప్పుడు మగ బొమ్మను కొంటారు.

మీ స్నేహితుడి గురించి పాతటెర్మినల్ గారితో కొంతవరకే ఏకీభవిస్తాను. ఉద్యోగం పోయిన సంగతిని ఆయన ఒక స్త్రీతో చెబుతున్నానని అనుకుని చెప్పాడు. మరో మగవాడితో అయితే బహుశా చెప్పి ఉండేవాడు కాదు. ఆయన కోపంలో సగం, మగవాడి ముందు బేలగా నిలబడ్డానే అన్న సిగ్గు కావచ్చు. ఆ సిగ్గుకు మీరు కారణం కారు, కానీ అబద్ధమేదీ ఆడలేదన్న మాటతో మీరు పూర్తిగా బయటపడలేరు కూడా. ఆయన ఏమనుకుంటున్నాడో మీకు తెలుసు, ఏడాదిన్నరపాటు తెలుసు.

వీపుచూసేవాడు

అందరూ చాలా లోతుకు వెళ్తున్నారు. ఈ ఆటల్లో కెమెరా ఎప్పుడూ మన క్యారెక్టర్ వెనకే ఉంటుంది. వందల గంటలు ఒక వీపును చూస్తూ గడపాలంటే అది చూడముచ్చటగా ఉండాలని నేను ఆడ క్యారెక్టర్‌ను తీసుకుంటాను. నాకది బొమ్మ, నేను దాన్ని ఆడిస్తాను, అంతే. చదరంగంలో మంత్రిని కొందరు రాణి అంటారు, దాన్ని కదిపినంత మాత్రాన నా మగతనం గురించి ఎవరూ వ్యాసాలు రాయలేదు. సగంచందమామ గారు కూడా దీన్ని ఇంతగా మనసుకు పట్టించుకోనక్కరలేదని నా అభిప్రాయం.

పాతటెర్మినల్

వీపుచూసేవాడు గారూ, మీ మాట చాలామంది మగ ఆటగాళ్లు చెప్పేదే, అందులో అబద్ధం ఉందని నేను అనను. చదరంగం పోలిక మాత్రం నిలవదు. రాణిని చూసి ఎవరూ పలకరించరు, పలకరింపుకు రాణి బదులు చెప్పదు.

2014లో వచ్చిన ఒక అధ్యయనం సరిగ్గా మీలాంటివారి గురించే. పరిశోధకులు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో తమ సొంత సాహసయాత్ర ఒకటి కట్టి, 375 మందిని అందులో ఆడించి, వాళ్ల మాటలనూ కదలికలనూ నమోదు చేశారు. పురుషుల్లో 23 శాతం ఆడ క్యారెక్టర్‌తో వచ్చారు, స్త్రీలలో 7 శాతమే మగ క్యారెక్టర్‌తో వచ్చారు. ఆడ క్యారెక్టర్‌తో వచ్చిన పురుషులు అందమైన బొమ్మలను, ఆడవారికి మామూలుగా ఉండే జుట్టు తీరులను ఎంచుకున్నారు. చాట్‌లో మిగతా మగవారికంటే భావోద్వేగాలు కలిసిన మాటలు, ఆశ్చర్యార్థకాలు ఎక్కువ వాడారు. సగంచందమామ గారి ‘అయిపోయింది!’ చివర ఉన్న గుర్తును ఒకసారి చూడండి. అయితే కాళ్లు మాత్రం మాట వినలేదు. ఊరికే గెంతడం, వెనక్కి నడవడం, గుంపుకు దూరంగా నిలబడటం వారిలో ఎక్కువగా కనిపించాయి, ఇవి అక్కడ ఆడిన స్త్రీల తీరుకు భిన్నం. వేషం నాలుకమీదికి వచ్చింది, పాదాల దాకా దిగలేదు. బొమ్మ వట్టి బొమ్మే అయితే నాలుకమీదికైనా ఎందుకు రావాలి?

బొమ్మలమేస్త్రి

నేను ఆటల్లో క్యారెక్టర్లకు నడక నేర్పే పనిలో ఉన్నాను. మీరందరూ ఆటగాడు ఏం చేశాడన్నది మాట్లాడుతున్నారు, ఆటగాడు తాకకముందే బొమ్మ ఏం చేస్తుందో ఎవరూ అనలేదు.

మీట ఏదీ నొక్కకుండా వదిలేస్తే క్యారెక్టర్ ఊరికే నిలబడి ఊపిరి తీస్తుంటుంది కదా, ఆ కదలికను మేము చేతితో చేస్తాం. నాకు పని నేర్పినచోట మగ బొమ్మ బరువు రెండు కాళ్లమీద సమానంగా ఉండాలి, మోచేతులు ఒంటికి దూరంగా ఉండాలి. ఆడ బొమ్మ బరువు ఒక కాలిమీదికి వాలాలి, నడుము ఓ పక్కకు ఒరగాలి, కొన్ని సెకన్లకొకసారి జుట్టు సవరించుకోవాలి. ఇద్దరూ ఒకే రాక్షసుణ్ణి చంపడానికి బయలుదేరినవాళ్లే. నేను ఒకసారి ఆడ సైనికురాలికి మగ బొమ్మ నిలుపు తగిలించి చూపిస్తే ‘ఏదో తేడాగా ఉంది’ అన్నారు, ఆ తేడా ఏమిటో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. కవచాల సంగతి మీకు తెలిసిందే. ఒకే పేరు, ఒకే బలం ఉన్న కవచం మగ బొమ్మమీద ఛాతీని మొత్తం కప్పుతుంది, ఆడ బొమ్మమీద దానికి కిటికీలు తెరుచుకుంటాయి.

ఈ మధ్య పట్టికల్లో మాటలు మారుతున్నాయి. సిమ్స్ 4 అనే ఆటలో 2016 నుంచి ఏ బట్టలైనా ఎవరికైనా వెయ్యవచ్చు. 2020లో వచ్చిన యానిమల్ క్రాసింగ్ ఆట ఆడా మగా అని కాకుండా ఏ తీరు కావాలని అడుగుతుంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో 2022 నుంచి ఒకటో రకం శరీరం, రెండో రకం శరీరం అంటున్నారు. ఇది మంచిదే, కాకపోతే పలక మార్చినంత తేలికగా లోపలి ఎముకల గూడు మారదు. రెండో రకం శరీరాన్ని ఎంచుకున్నవారికి ఆ ఒరిగిన నడుము ఉచితంగా వస్తుంది. రస్ట్ అనే ఆట మరీ ముందుకు పోయి, 2016లో ఆడ శరీరాలు తెచ్చినప్పుడు ఎంపికకే చోటివ్వలేదు. ఖాతా సంఖ్యను బట్టి ఆటే ఆడ శరీరాన్నో మగ శరీరాన్నో తగిలిస్తుంది, దాన్ని మార్చుకునే వీలు లేదు. తమకు ఆడ శరీరం అంటగట్టారని అప్పుడు కొందరు మగ ఆటగాళ్లు గట్టిగా ఫిర్యాదు చేశారు. వీపు చూడముచ్చటగా ఉంటుందన్న వాదన ఆ రోజుల్లో ఎక్కడికి పోయిందో!

సగంచందమామ గారి రెండో ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఈ దిశలోనే ఉంది. 2007లో నిక్ యీ, జెరెమీ బైలెన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రోటియస్ ప్రభావం అని ఒకదానికి పేరు పెట్టారు. వర్చువల్ రియాలిటీలో అందమైన ముఖం ఇచ్చినవారు ఎదుటివారికి మరింత దగ్గరగా వెళ్లి నిలబడి తమ గురించి ఎక్కువ చెప్పుకున్నారు, పొడుగాటి శరీరం ఇచ్చినవారు డబ్బు పంచుకునే బేరంలో మొండిగా ఉన్నారు. తాము అలా మారుతున్నామని గమనించి చేసింది కాదు. మూడేళ్లు రోజూ రెండు గంటలు ఆ ఒరిగిన నడుమును చూస్తూ, దాన్ని ‘నేను’ అనుకుంటూ టైపు చేసిన మనిషి రాతలో ‘ఒక్క నిమిషం ఆగుతారా’ చేరిందంటే నాకు వింత అనిపించదు. దానికి జట్టువాళ్ల మర్యాద కూడా ఊతమిచ్చింది. మెత్తగా తిట్టేవారికి మెత్తగానే జవాబిస్తాం.

అద్దంముందు

ఇక్కడ జరుగుతున్న చర్చంతా అవతార్‌ను ముసుగుగానే చూస్తోంది, అందుకని రాస్తున్నాను. నేను ట్రాన్స్ మహిళను. వర్చువల్ రియాలిటీలో అవతార్‌లతో కలుసుకునే వేదిక వీఆర్‌చాట్‌. అందులో చాలా లోకాల్లో గోడకు పెద్ద అద్దం ఒకటి ఉంటుంది, మీట నొక్కితే వెలుగుతుంది. హెడ్‌సెట్ పెట్టుకుని దానిముందు నిలబడితే మీ అవతార్ మీకు ఎదురుగా నిలబడుతుంది. మీరు తల వంచితే అది వంచుతుంది, చెయ్యెత్తితే ఎత్తుతుంది. కొత్తవాళ్లకు అది వేడుక, గంటల తరబడి అక్కడే కూర్చుని కబుర్లు చెప్పుకునే గుంపులు ఉంటాయి. నేను మొదటిసారి అక్కడ నిలబడి, మెడమీద పడిన జుట్టును తొలగించబోయి, వేళ్లకు ఏమీ తగలక ఆగిపోయాను. బయట నా పేరు ఇంకా పాతదే ఉన్న రోజులవి. ఎవరినో నమ్మించడానికి వేసిన వేషం కాదది. ఆ గదిలో ఇంకెవరూ లేరు.

అందువల్ల మగవాడు ఆడ అవతార్ తీసుకుంటే దానికి ఒకే అర్థం ఉంటుందన్నట్టు మాట్లాడటం నాకు కష్టంగా ఉంటుంది. 2010 జులైలో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌ను తయారుచేసిన బ్లిజర్డ్ సంస్థ తన చర్చావేదికల్లో అందరూ అసలు పేర్లతోనే రాయాలని ప్రకటించి, ఎదురుదెబ్బ తగిలాక కొద్ది రోజులకే వెనక్కి తీసుకుంది. మోసగాళ్లను ఆపడానికి అసలు పేరే మందు అనేవారు ఆ పేరు ఎవరి మెడకు ఉరి అవుతుందో ముందు ఆలోచించాలి. మైక్‌ఆఫ్ గారికి అది ఎలాగూ తెలుసు.

గొంతు గురించి మైక్‌ఆఫ్ గారు చెప్పినదానికి ఒకటి చేరుస్తాను. హెడ్‌సెట్ లోకంలో గొంతుతోపాటు దూరం కూడా ప్రశ్న అవుతుంది. ఎవరో మొహంలో మొహం పెట్టినట్టు దగ్గరికి వస్తే అది తెరమీది బొమ్మ అని ఒళ్లు ఒప్పుకోదు, వెనక్కి జరుగుతుంది. 2022 ఫిబ్రవరిలో మెటా సంస్థ తన హొరైజన్ అనే వర్చువల్ లోకాల్లో అవతార్‌ల మధ్య దాదాపు నాలుగడుగుల హద్దు పెట్టడానికి కారణం ఇటువంటి ఫిర్యాదులే. బొమ్మల మధ్య గీసిన ఆ గీత అవసరమైందంటే, శరీరాన్ని బయట వదిలి లోపలికి వెళ్తున్నామన్న మాట ఉత్తదని తేలినట్టే.

క్రియాపదం

నాది చిన్న సంగతి, కానీ సగంచందమామ గారి మొదటి ప్రశ్నకు నేరుగా తగులుతుంది. మీరు చాట్ తెలుగులో చేశారు కాబట్టి అడుగుతున్నాను. తెలుగులో ‘నేను వచ్చాను’ అన్నప్పుడు వచ్చింది ఆడో మగో క్రియ చెప్పదు. ‘నువ్వు వచ్చావు’ అన్నా అంతే. హిందీలో అయితే మీరు మొదటి రోజే ‘ఆయా’ అనాలో ‘ఆయీ’ అనాలో తేల్చుకోవలసి వచ్చేది, తేల్చుకుని ఆడ రూపం రాసి ఉంటే అది అబద్ధమని మీకే తెలిసేది. తెలుగు మిమ్మల్ని ఆ ఇరుకున పెట్టలేదు. మూడేళ్ల చాట్ మొత్తం వెతికినా మీ గురించి మీరు రాసుకున్న ఒక్క ఆడ క్రియ కూడా దొరకకపోవచ్చు.

కానీ మీ గురించి ఇతరులు మాట్లాడుకునేటప్పుడు ఈ వెసులుబాటు లేదు. ‘హీలర్ వచ్చాడా?’ అనాలి, లేదా ‘హీలర్ వచ్చిందా?’ అనాలి. మర్యాద కోసం ‘వచ్చారా?’ అన్నవారు మాత్రమే ఈ తూకంలోంచి బయటపడతారు, ఆటలో అంత మర్యాద ఎవరికుంటుంది? ‘అక్కా’ అనాలా ‘అన్నా’ అనాలా అన్నది సరే సరి. అంటే మీ లింగాన్ని మీరు ఎన్నడూ చెప్పలేదు, మీ చుట్టూ ఉన్నవాళ్లు మూడేళ్లపాటు రోజూ చెప్పారు, మీరు వింటూ ఊరుకున్నారు. మీ చాట్‌లో వెతకవలసింది మీ వాక్యాలను కాదనుకుంటాను. ఆ స్నేహితుడు మీ గురించి మరొకరితో ‘వచ్చింది’ అని మొదటిసారి రాసిన చోటు వెతకండి, దాని కింద మీరు ఏం రాశారో చూడండి.

సగంచందమామ

అందరికీ కృతజ్ఞతలు. క్రియాపదం గారు చెప్పినట్టు వెతికాను. సరిగ్గా దొరికింది. నేను చేరిన రెండో నెలలో గిల్డ్ చాట్‌లో ఎవరో ‘హీలర్ ఏడీ?’ అని అడిగితే ఆయన ‘ఏడీ కాదు, ఏది అను, ఇప్పుడే వచ్చింది’ అని సరిదిద్దాడు. నా తరఫున నా లింగాన్ని దిద్దిపెట్టాడు. దాని కింద నేను రాసింది ఒక నవ్వు బొమ్మ, అంతే. పాతటెర్మినల్ గారు అడిగిన ప్రశ్నకు నా జవాబు కూడా అదే. కథలేమీ అల్లలేదు, నవ్వు బొమ్మలు మాత్రం పెట్టాను, ఒకటి కాదు, చాలా.

మైక్‌ఆఫ్ గారి మాట మొదట గుచ్చుకుంది. ఆయన ఏమనుకుంటున్నాడో నాకు తెలుసన్నది నిజం. పైగా ఆయన ఉద్యోగం సంగతి చెప్పిన రాత్రి నేను రాసిన జవాబులు మళ్లీ చదివితే, మగ క్యారెక్టర్‌తో ఉండి ఉంటే నేను అంత ఓపిగ్గా విని ఉండేవాణ్ణా అన్న అనుమానం వచ్చింది. ‘ఏం చేద్దామనుకుంటున్నావు’ అని అడిగి సలహాలు చెప్పి ఉండేవాణ్ణి. ఆ రాత్రి మాత్రం ‘చెప్పండి, వింటున్నాను’ అని తొమ్మిదిసార్లు రాశాను. అలా వినడం నాకు చేతనవునని అంతకుముందు తెలియదు. అది వేషంలో భాగమా, నాదేనా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నిన్న ఆయనకు రాశాను. ఉద్దేశం లేదన్న వాదన పెట్టలేదు. ఆ రెండో నెల చాట్‌లోని ఆయన వాక్యాన్నీ నా నవ్వు బొమ్మనూ కాపీ చేసి పెట్టి, ఇక్కడ నేను నోరు విప్పవలసింది అని రాశాను. ఈ ఉదయం జవాబు వచ్చింది: ‘శనివారం పోటీకి హీలర్ కావాలి. వస్తున్నారా?’

ఏడాదిన్నరగా నన్ను ‘నువ్వు’ అనే మనిషి ‘రు’ చేర్చాడు. అది దూరమా, జాగ్రత్తా అని అడగలేదు. వస్తున్నానని రాశాను.